జీపుకు బలమైన వెనుక యాక్సిల్‌ను ఎంచుకోవడం ఎలా

రెండేళ్ల కిందట, పాడేరు దాటి వంజంగి వైపు వెళ్లే ఒక రాళ్ల ఎత్తులో నా పాత జీపు వెనుక ఎడమ షాఫ్టు, అంటే యాక్సిల్ లోపల ఉండి చక్రాన్ని తిప్పే కడ్డీ, విరిగింది. విరిగింది లోపలి కొసన, ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్‌లో దూరే స్ప్లైన్ పళ్ల దగ్గర కాబట్టి చక్రం తన చోటనే ఉండిపోయింది. ఫోర్ వీల్ వేసుకొని, ముందు చక్రాల లాగుడుతోనే ఘాటు దిగి, చీకటి పడ్డాక విశాఖపట్నం చేరుకున్నాను. మరుసటి వారమే ఆటోనగర్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో లావుగా, బరువుగా కనిపించిన యాక్సిల్‌ను తూకం లెక్కన కొని తెచ్చాను. దాని క్రౌన్ పినియన్, అంటే ఇంజిన్ వైపు నుంచి వచ్చే తిప్పుడును చక్రాల వైపు మళ్లించే పళ్ల చక్రాల జత, నిష్పత్తి నా ముందు యాక్సిల్‌తో కలవలేదు, వెడల్పు నాలుగు అంగుళాలు ఎక్కువైంది, పినియన్ ఉండవలసిన పక్కన లేదు. ఆ ఇనుము ఇప్పటికీ మా పెరట్లో కొబ్బరి చెట్టు మొదట పడి ఉంది. అడవి దారుల్లో నడిపే బండికి బలమైన వెనుక యాక్సిల్ వేయాలని మీరు అనుకుంటుంటే, నేను తలకిందులుగా చేసిన పనిని సరైన వరుసలో ఎలా చేయాలో ఇక్కడ చెబుతాను.

మొదటి పని: విరిగిన ముక్కను చదవడం

కొత్త యాక్సిల్ గురించి ఆలోచించే ముందు పాతది ఎందుకు విరిగిందో తెలుసుకోవాలి. షాఫ్టు ముక్కలు రెండింటినీ కిరోసిన్‌తో కడిగి, విరుపు ముఖాలు ఒకదానికొకటి రాసుకోకుండా విడివిడిగా ఉంచి, పగటి వెలుతురులో చూడండి. అలలు వెనక్కి వెళ్లాక ఆర్కే బీచి ఇసుకలో మిగిలే వంపు గీతల్లాంటివి ఆ ముఖం మీద కనిపిస్తే, షాఫ్టు ఆ ఒక్క రోజున విరగలేదని అర్థం. ఒక చిన్న పగులు నెలల తరబడి లోపలికి పాకుతూ వచ్చింది. ఆ రోజున మిగిలిన కాస్త ఉక్కు తెగింది, అంతే. అటువంటి గీతలు చక్రం వైపు బేరింగు దగ్గర కనిపిస్తే, అక్కడ షాఫ్టు తిరిగే ప్రతి చుట్టులోనూ వంగుతోందన్న మాట. హౌసింగ్, అంటే షాఫ్టులను కప్పి ఉంచే గొట్టం, వంగి ఉండవచ్చు, బేరింగు అరిగి ఉండవచ్చు, లేదా బయటికి బాగా పొడుచుకు వచ్చే వెడల్పు రిమ్ములు వేసి ఉండవచ్చు. ఇందులో ఏ లోపాన్నీ సరిచేయకుండా పెద్ద యాక్సిల్ వేస్తే, కొంత కాలానికి అదీ అక్కడే విరుగుతుంది.

స్ప్లైన్ పళ్లు తాడు పేనినట్టు మెలిక తిరిగి, ఆ తరవాత షాఫ్టు అడ్డంగా తెగి ఉంటే, అది నిజంగానే శక్తికి మించిన భారం వల్ల జరిగిన విరుపు. బలమైన యాక్సిల్ అవసరమైనది ఇటువంటివారికే. విరుపు నలభై అయిదు డిగ్రీల వాలులో, సుద్దముక్కను మెలిపెట్టి విరిచినట్టుగా ఉంటే, ఉక్కు అతిగా గట్టిపడి పెళుసైందని అనుమానించాలి. ఆ తప్పు వేడి చికిత్స చేసినవారిది. షాఫ్టుకు ఏమీ కాకుండా క్రౌన్ పళ్లు రాలితే సంగతి వేరు. అప్పుడు బేరింగుల బిగింపు, పినియన్ అమరిక, గేర్ ఆయిల్ వీటిని ముందుగా అనుమానించాలి.

నా ముక్క మీద కనిపించినవి ఇసుక గీతలే. అవి మొదలైన చోట స్ప్లైన్ అడుగున సూదిమొనంత తుప్పు గుంట ఉంది. ఎప్పుడో వాగు దాటినప్పుడు గేర్ ఆయిల్‌లోకి చేరిన నీళ్లు చేసిన పని అది. ఈ సంగతిని నేను యాక్సిల్ కొన్న తరవాత చూశాను.

రెండో పని: షాఫ్టు మీద పడే బలాన్ని లెక్క కట్టడం

యాక్సిల్ విషయంలో చాలామంది ఇంజిన్ శక్తిని చూసి భయపడతారు. నిజానికి షాఫ్టు మీద పడే భారాన్ని ఎక్కువగా నిర్ణయించేది టైరు. ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ డీజిల్ ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 180 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 4, బలాన్ని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో తక్కువ వేగపు గేరు (లో రేంజి) 2.46, యాక్సిల్ 4.88 అనుకుంటే, వీటన్నిటినీ గుణించగా 8,600 న్యూటన్ మీటర్లు దాటుతుంది. ఈ అంకెను చూస్తే ఏ జీపు యాక్సిల్ అయినా బతకదనిపిస్తుంది. కానీ నేల మీద టైరు జారకుండా పట్టుకోగలిగినంత వరకే ఆ బలం షాఫ్టు మీద పడుతుంది. జారడం మొదలయ్యాక మిగిలినది చక్రం గిర్రున తిరగడంలో పోతుంది.

వెనుక యాక్సిల్ మీద 900 కిలోల బరువు, పొడి రాతి మీద టైరు పట్టు 0.8, బరువు కింద కొద్దిగా అణిగిన 31 అంగుళాల టైరుకు నేల నుంచి మధ్య వరకు ఎత్తు 0.38 మీటరు అనుకోండి. బరువును 9.81తో గుణించి, పట్టుతోనూ ఆ ఎత్తుతోనూ గుణిస్తే సుమారు 2,700 న్యూటన్ మీటర్లు వస్తుంది. మామూలు డిఫరెన్షియల్ అయితే అది రెండు షాఫ్టులకూ సగం సగం, అంటే ఒక్కో షాఫ్టుకు 1,350. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా డిఫరెన్షియల్‌ను బిగించే డిఫ్ లాక్ వేసి ఉండగా ఒక చక్రం గాలిలో వేలాడితే, రెండో చక్రం మీదికి దాదాపు బరువంతా చేరి, మొత్తం 2,700 ఒక్క షాఫ్టు మీదనే పడుతుంది. లాక్ వేసుకున్నవారికి షాఫ్టులు ఎందుకు విరుగుతాయన్న ప్రశ్నకు జవాబు ఈ రెట్టింపులోనే ఉంది. లాక్ పెట్టే ఆలోచన ఉంటే ఆ విషయాన్ని యాక్సిల్ ఎంపికకు ముందే తేల్చుకోవాలి, తరవాత కాదు.

ఈ లెక్కకు మరికొన్ని కలపాలి. ముప్పై డిగ్రీల ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది; మామూలు జీపు కొలతలతో చూస్తే వెనుక యాక్సిల్ మీదికి అదనంగా నూరు కిలోలకు పైనే చేరుతుంది. 31 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేస్తే భారం ఆరేడు శాతం పెరుగుతుంది. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది గాలిలో వేగంగా తిరుగుతున్న చక్రం ఒక్కసారిగా నేలను తాకడం. బరువైన టైరులో నిలవ ఉన్న వేగమంతా ఆ క్షణంలో షాఫ్టును కొడుతుంది. ఆ దెబ్బ ఏ లెక్కకూ సరిగా అందదు. అందుకే తేలిన అంకెకు కనీసం సగం కలిపి ఆలోచించడం మంచిది.

విశాఖ చుట్టుపక్కల నేల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. భీమిలి వైపు ఇసుకలో బండి కూరుకుపోతుంది కానీ యాక్సిల్ విరగడం అరుదు, ఎందుకంటే అక్కడ పట్టు తక్కువ. టైరులో గాలి తగ్గించడమే ఇసుకకు మందు. ఇసుక మీద బండి ఎగిరెగిరి పడుతూ చక్రాలు దరువు వేస్తుంటే మాత్రం వెంటనే యాక్సిలరేటరు వదిలేయాలి. షాఫ్టులను తినేవి అనంతగిరి, పాడేరు వైపు కొండల్లోని ఖోండలైటు రాళ్లు. గరుకైన ఆ రాయి టైరును గట్టిగా పట్టుకుంటుంది. రెండు రాళ్ల సందులో చక్రం ఇరుక్కుంటే జారడానికి కూడా వీలుండదు, పైన చెప్పిన టైరు హద్దు కూడా చెరిగిపోతుంది. ఎర్రమట్టి దిబ్బల మీదికి బండి ఎక్కించే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. అవి కాపాడుకోవలసిన భూవారసత్వం.

మూడో పని: షాఫ్టు మందం, దాని ఉక్కు

గుండ్రటి కడ్డీ మెలికకు తట్టుకునే శక్తి దాని మందానికి ఘనంలో పెరుగుతుంది. అంటే మందం పది శాతం పెరిగితే బలం మూడో వంతు పెరుగుతుంది. గట్టిపరచిన మంచి ఉక్కు 500 మెగాపాస్కల్ కోత ఒత్తిడి వరకు లొంగదని అనుకుంటే, 30 మిల్లీమీటర్ల షాఫ్టు సుమారు 2,650 న్యూటన్ మీటర్లకు, 33.3 మిల్లీమీటర్లది 3,600కు, 38 మిల్లీమీటర్లది 5,400కు మెలిక తిరగడం మొదలుపెడుతుంది. ఇవి చేతి లెక్కలు, పరీక్షాఫలితాలు కావు; ఒకదానితో ఒకటి పోల్చడానికి మాత్రం సరిపోతాయి. ఈ మూడు మందాలూ ఊరికే ఎంచుకున్నవి కావు. మొదటిది అమెరికన్ జీపుల్లో బలహీనమైనదని పేరు పడ్డ, డానా కంపెనీ చేసిన డానా 35 షాఫ్టుది, రెండోది 30 పళ్ల డానా 44ది, మూడోది 35 పళ్ల డానా 60ది. పైన మనం కట్టిన 2,700 అంకె పక్కన వీటిని పెట్టి చూడండి. మొదటిదానికి లాక్ వేస్తే ఏమవుతుందో, రెండోది చాలామందికి ఎందుకు చాలుతుందో, మూడోది ఎవరికి అవసరమో దీనితో తెలిసిపోతుంది.

పాత హౌసింగ్ బాగున్నట్లయితే, యాక్సిల్ మొత్తం మార్చకుండా అదే కొలతలో మేలైన ఉక్కు షాఫ్టులు చేయించుకోవడం కూడా ఒక దారి. లేత్ షెడ్డులో "ఈఎన్ 24 కడ్డీతో చేసిస్తాం సార్" అనే మాట వినబడుతుంది. ఈఎన్ 24 మంచి ఉక్కే. నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన మిశ్రమం. కానీ ఉక్కు పేరు బలం కాదు. దానిని వేడి చేసి, నూనెలో చల్లార్చి, తిరిగి తగిన వేడిలో మెత్తబరచినప్పుడే ఆ బలం వస్తుంది. లేత్ మీద తిప్పి, పళ్లు కోసి, నేరుగా బండికి ఎక్కించిన ఈఎన్ 24 షాఫ్టు కంటే, కంపెనీ నుంచి పైపొర గట్టిపరచి వచ్చిన మామూలు మధ్యరకం కార్బన్ ఉక్కు షాఫ్టే మేలు. కాబట్టి షెడ్డువారిని వేడి చికిత్స ఎక్కడ చేయిస్తారో, గట్టిదనం ఎంత వచ్చిందో అడిగి, అంకెను రాతపూర్వకంగా తీసుకోండి. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు పనులు చేసే యంత్రశాలలు ఉన్న ఊరు ఇది. గట్టిదనం కొలిచేవారినీ, రంగు ద్రవంతో కంటికి కనిపించని పగుళ్లు పట్టేవారినీ వెతుక్కోవడం ఇక్కడ కష్టం కాదు.

షాఫ్టు నడుము స్ప్లైన్ పళ్ల అడుగు మందం కంటే కాస్త సన్నగా ఉంటే మోసపోయామని అనుకోకండి. మెలిక ఒక్క పళ్ల చివరనే పోగుపడకుండా నడుము పొడవునా పరుచుకోవడానికి ఆ సన్నదనం ఉద్దేశపూర్వకంగా పెట్టినదే. మందం మారే చోట్ల నున్నటి వంపు ఉందా, పదునైన మూల ఉందా అన్నది చూడండి. పగులు పుట్టేది మూలలోనే.

నాలుగో పని: బరువు మోసేది ఏదో చూడటం

చాలా జీపుల వెనుక యాక్సిల్ సెమీ ఫ్లోటింగ్ రకానిది. అందులో షాఫ్టు చక్రాన్ని తిప్పడమే కాక బండి బరువునూ మోస్తుంది. షాఫ్టు బేరింగుకు వెలుపల విరిగితే చక్రం ఊడి వస్తుంది. ఈ రకంలోనూ రెండు తీరులున్నాయి. ఒకదానిలో చక్రం వైపు బేరింగు, దానిని పట్టి ఉంచే ఉంగరం షాఫ్టును నిలుపుతాయి. మరొకదానిలో డిఫరెన్షియల్ లోపల అర్ధచంద్రాకారపు చిన్న క్లిప్పు ఒక్కటే షాఫ్టును నిలుపుతుంది. అక్కడ లోపల ఎక్కడ విరిగినా షాఫ్టు చక్రంతో సహా బయటికి జారవచ్చు. ఘాటు రోడ్డు మీద అలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. నేనైతే క్లిప్పు రకాన్ని మన కొండలకు ఎంచుకోను.

ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్‌లో చక్రపు హబ్బు రెండు బేరింగుల మీద హౌసింగ్ కొసన తిరుగుతుంది. బరువంతా హౌసింగ్ మోస్తుంది, షాఫ్టు తిప్పడానికే పరిమితం. విరిగితే నాలుగు బోల్టులు విప్పి, ముక్కలు లాగేసి, రంధ్రానికి మూత వేసి, ముందు చక్రాలతో ఇంటికి రావచ్చు. యుద్ధకాలపు విల్లీస్ జీపు వెనుక యాక్సిల్ ఫుల్ ఫ్లోటింగే. లారీలు చాలావరకు ఈ రకానివే కనుక, షెడ్డులో ఎవరో ఒకరు చిన్న లారీ యాక్సిల్ కోసి వేద్దామని సలహా ఇస్తారు. స్ప్రింగుల కింద వేలాడే ఆ బరువు పెరిగిన కొద్దీ గతుకుల్లో చక్రం నేలను వదిలేస్తుంది, పెద్ద డిఫరెన్షియల్ గుండు కిందికి దిగి రాళ్లకు తగులుతుంది, బ్రేకులు కూడా జతకలవవు. రెండు టన్నుల లోపు బండికి ఆ సలహా వద్దు.

అయిదో పని: మీ బండికి కుదిరే కొలతలు

బలం లెక్క తేలాక టేపు పట్టుకొని బండి కిందికి దూరండి. నేను పొరపాటు చేసిన చోటు ఇదే కనుక కొంచెం విస్తరించి చెబుతాను.

క్రౌన్ పినియన్ నిష్పత్తి ముందు యాక్సిల్‌తో సరిపోవాలి. వెనుక 4.27, ముందు 4.88 ఉంటే ఫోర్ వీల్ వేసిన ప్రతిసారీ రెండు యాక్సిళ్లూ ఒకదానితో ఒకటి కుస్తీ పడతాయి, చివరికి ట్రాన్స్‌ఫర్ కేసు ఓడిపోతుంది. నిష్పత్తి తెలుసుకోవడానికి హౌసింగ్ విప్పనక్కరలేదు. మామూలు డిఫరెన్షియల్ ఉన్న యాక్సిల్‌లో ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకొని, రెండోదానిని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో సుద్ద గీత పెట్టి లెక్కించండి. నాలుగు చుట్లకు కాస్త పైన వస్తే అది 4.10 లేదా 4.27 కావచ్చు. కచ్చితంగా కావాలంటే పళ్లు లెక్కపెట్టాలి: క్రౌన్ 43, పినియన్ 8 పళ్లయితే పాత విల్లీస్ జీపుల 5.38 వస్తుంది, 39, 8 అయితే 4.88, 41, 11 అయితే 3.73. టైరు పెద్దది చేసేవారు నిష్పత్తిని కూడా పెంచుకోవాలి. 28 అంగుళాల టైరుకు 4.27 సరిపోయిన బండికి 31 అంగుళాలు వేస్తే, అదే లాగుడు రావడానికి 4.73 దగ్గరది కావాలి. అయితే నిష్పత్తి పెరిగిన కొద్దీ పినియన్ చిన్నదవుతుంది, దాని పళ్లు పలచబడతాయి. ఒకే హౌసింగ్‌లో 5.38 కంటే 4.10 జత గట్టిది. ఈ బేరం గుర్తుంచుకోండి.

వెడల్పును బ్రేకు డ్రమ్ము ముఖం నుంచి డ్రమ్ము ముఖం వరకు, అంటే రిమ్ము ఆనే చోటి నుంచి ఆనే చోటి వరకు కొలవాలి. డ్రమ్ము వెనుక పలక నుంచి కొలిస్తే తప్పు అంకె వస్తుంది. ముందు యాక్సిల్‌తో వెనుకది అంగుళం అటు ఇటుగా ఉంటే చాలు. అంతకంటే వెడల్పైతే హౌసింగ్ కోయించి, షాఫ్టులు పొట్టి చేయించి, పళ్లు మళ్లీ కోయించాలి. అప్పుడు గట్టిపరచిన పైపొర పోతుంది, ఖర్చు కూడా కొత్త యాక్సిల్ అంత అవుతుంది. చక్రపు బోల్టుల వలయం కూడా కలవాలి. అయిదు బోల్టుల హబ్బులో పక్కపక్క రంధ్రాల మధ్య దూరాన్ని కొలిచి 1.701తో గుణిస్తే ఆ వలయపు వ్యాసం వస్తుంది. 82 మిల్లీమీటర్లు వస్తే అది పాత జీపులకూ, జిప్సీకీ ఉన్న 139.7 మిల్లీమీటర్ల కొలత.

పినియన్ ఏ పక్కన ఉందో చూడండి. పాత విల్లీస్ రకం ట్రాన్స్‌ఫర్ కేసులో వెనక్కి వచ్చే షాఫ్టు నడిమధ్యన కాక ఒక పక్కకు ఉంటుంది. అటువంటి బండికి మధ్యలో పినియన్ ఉన్న యాక్సిల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి యాక్సిల్‌కు బలాన్ని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు పక్కకూ కిందికీ రెండు వైపులా వాలుతుంది, దాని కొసల్లోని క్రాసులు (యూనివర్సల్ జాయింట్లు) త్వరగా పోతాయి. కమాన్ పట్టీలు ఆనే సీట్ల మధ్య దూరం తేడాగా ఉంటే భయపడనక్కరలేదు. పాతవి కోసి కొత్తవి వెల్డు చేయించుకోవచ్చు, కానీ పినియన్ కోణం తేలే వరకు వాటిని చుక్క వెల్డుతోనే ఉంచాలి.

ముందు యాక్సిల్‌గా తయారై, పినియన్ ఎత్తున ఉన్నదానిని వెనుక పెట్టాలని కొందరికి ఉంటుంది, ప్రొపెల్లర్ షాఫ్టు రాళ్లకు అందదు కదా అని. దాని పళ్లు ముందు చక్రాలకు తగినట్టు కోసినవి. వెనుక పెడితే లాగుడంతా పంటి బలహీనమైన వైపున పడుతుంది.

ఆరో పని: ఏ యాక్సిల్

పేరును చూసి కొనకండి. డానా 44 అంటే బలమైనదని అందరూ అంటారు, నిజమే, 8.5 అంగుళాల క్రౌన్, 30 పళ్ల షాఫ్టు ఉన్నది 33 అంగుళాల టైరు దాకా మంచి జోడి. కానీ అదే పేరుతో తొలినాళ్లలో 10 పళ్లవీ, ఆ తరవాత 19 పళ్లవీ వచ్చాయి. పాత సీజే 3బీ జీపు కింద ఉన్న యాక్సిల్ కూడా ఆ వంశానిదే, షాఫ్టు కొస గూటంలా సన్నబడి, హబ్బు విడిగా తాళపు ముక్కతో (కీతో) బిగిసే రకం. ఆ తాళపు ముక్క కోసుకుపోతే షాఫ్టు తిరుగుతుంది, చక్రం తిరగదు. అటువంటి యాక్సిల్ మీకు ఇప్పటికే ఉంటే, ఫ్లాంజి (చక్రం బిగించే పళ్లెం) షాఫ్టుతో ఒకే ముక్కగా ఉన్న రకానికి మారడం మొత్తం యాక్సిల్ మార్చడంతో దాదాపు సమానమైన మేలు చేస్తుంది.

ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్ 1957 నుంచి ఉన్నది. పినియన్ లోపలి కొసను కూడా ఒక బేరింగు పట్టుకోవడం, క్రౌన్ పినియన్ గుండు మొత్తం ముందు నుంచి ఊడి రావడం దాని గొప్ప. డానా 60 క్రౌన్ 9.75 అంగుళాలు, అది బరువైన బండికీ 37 అంగుళాల టైరుకూ పనికివస్తుంది, మన జీపులకు అతి. ఇవి రెండూ ఇక్కడ దొరకాలంటే సముద్రం మీద రావాలి. బరువును బట్టి రవాణా, దాని మీద సుంకం, ఆ తరవాత ఒక సీలు పోయినా మళ్లీ అదే దారి. కాబట్టి నా సలహా: మీ బండి తయారీదారే బరువైన నమూనాకు వేసిన యాక్సిల్‌ను ముందు చూడండి. సీలు, బేరింగు, డ్రమ్ము ఆటోనగర్‌లో ఆ పూటే దొరికే యాక్సిల్, కాగితం మీద ఇరవై శాతం బలం తక్కువైనా, పాడేరులో ఆగిపోయిన మనిషికి ఎక్కువ పనికివస్తుంది. జిప్సీ వంటి తేలిక బండికి, దాదాపు వెయ్యి కిలోలే కనుక, కంపెనీ టైర్లతో ఉన్నంత కాలం వెనుక యాక్సిల్ మార్చవలసిన పని సాధారణంగా రాదు. ఏబీఎస్, స్థిరత్వ నియంత్రణ ఉన్న కొత్త బండ్లలో హౌసింగ్‌ను కదపకుండా షాఫ్టులతోనే సరిపెట్టుకోవాలి.

ఏడో పని: పాతది కొంటే పరీక్ష

ముందు అడుగు మూత విప్పించి ఆయిల్ కారనివ్వండి. పాలు కలిపినట్టు తెల్లబడితే నీళ్లు చేరాయి. వేలితో రాస్తే తళుకు పొడి ఉండవచ్చు, కానీ గోటికి తగిలే ముక్కలు ఉండకూడదు. ఆయిల్ లేదు, ముందే కార్చేశాం అంటే ధర సగానికి తగ్గించమనండి లేదా లేచి రండి. క్రౌన్‌కూ పినియన్‌కూ మధ్య ప్లే, అంటే వదులు, మామూలుగా 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. డయల్ గేజి లేకుండా చేత్తో ఊపి చెప్పేవారి మాట నమ్మకండి. పళ్ల మీద రంగు పూసి తిప్పితే పడే ముద్ర పంటి నడుమ ఉండాలి, కొసన కాదు.

హౌసింగ్ వంగిందేమో చూడటానికి చవకైన పద్ధతి ఒకటుంది. రెండు డ్రమ్ములకూ పొడవైన తిన్నటి పట్టీలు బిగించి, వాటి మధ్య దూరాన్ని ముందువైపు, వెనుకవైపు, కింద కొలవండి. డ్రమ్ములను సగం చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. అంకెలు మారితే షాఫ్టు ఫ్లాంజి వంకర; మారకుండా ముందు వెనుక తేడా ఉంటే గొట్టం వంకర. సముద్రపు గాలికి మన ఊళ్లో గొట్టాలు పైనుంచి తుప్పు పడతాయి, ముఖ్యంగా కమాన్ సీట్ల కింద మట్టి నిలిచే చోట. అక్కడ సుత్తితో తట్టి, ఖంగుమంటుందో, మొద్దుగా మోగుతుందో వినండి.

ఎనిమిదో పని: కాగితాలు

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ పడే వీలుంది. కొలతల్లో అదే రకం యాక్సిల్‌ను పాడైనదాని స్థానంలో వేయడం వేరు, బండి వెడల్పును, ఎత్తును మార్చే యాక్సిల్ వేయడం వేరు. రెండోది చేయదలిస్తే డబ్బు ఖర్చుపెట్టక ముందే రవాణా కార్యాలయంలో అడగండి, బీమా కంపెనీకి లిఖితపూర్వకంగా తెలియజేయండి.

చివరి పని: బిగింపు

బండిని దాని పూర్తి బరువుతో, అంటే స్టెప్నీ, పనిముట్లు, నీళ్ల డబ్బాలతో సహా, చక్రాల మీద నిలబెట్టి పినియన్ కోణం సరిచేయాలి. రెండు కొసలా ఒక్కో క్రాసు ఉన్న మామూలు ప్రొపెల్లర్ షాఫ్టుకు, ట్రాన్స్‌ఫర్ కేసు బయటి షాఫ్టు, పినియన్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ట్రాన్స్‌ఫర్ కేసు వైపు జంట క్రాసు ఉంటే పినియన్ నేరుగా దానివైపే చూడాలి. కోణం కొలవడానికి ఫోనులోని మట్టసాధనం చాలు. ఆ తరవాతే సీట్లను పూర్తిగా వెల్డు చేయించండి. ఒకే చోట గీత లాగకుండా అటూ ఇటూ మార్చుతూ, మధ్యలో చల్లారనిస్తూ చేయాలి, లేకపోతే తిన్నగా ఉన్న గొట్టం వేడికే వంగిపోతుంది. పోత ఇనుప డిఫరెన్షియల్ గుండును గొట్టానికి అతికించవలసి వస్తే ముందుగా వేడి చేసి, నికెల్ కడ్డీలతో చేయగల వెల్డరు కావాలి. గేటు గ్రిల్లులు చేసేవారికి ఆ పని ఇవ్వకండి.

వెనుక డ్రమ్ము తీసి డిస్కు పెడితే మాస్టర్ సిలిండర్ సరిపోతుందో లేదో చూడాలి, చేతి బ్రేకు ఏర్పాటు తప్పక ఉండాలి. ఖాళీ రోడ్డు మీద వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే ముందుగా బిగుసుకోకుండా ఉన్నాయని నిర్ధారించుకున్న తరవాతే ఘాటు ఎక్కండి.

కొత్త క్రౌన్ పినియన్ అయితే మొదటి ప్రయాణం పాతిక ముప్పై కిలోమీటర్లు మెల్లగా నడిపి, పూర్తిగా చల్లారనివ్వాలి. 800 కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలి, కమాన్లను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులను మొదటి వంద కిలోమీటర్లకే తిరిగి బిగించాలి. ఇక ఊపిరి గొట్టం. వేడెక్కిన యాక్సిల్ చల్లని వాగులో మునిగినప్పుడు లోపలి గాలి ముడుచుకొని, హౌసింగ్ పైన ఉన్న చిన్న రంధ్రం గుండా నీళ్లను పీల్చుకుంటుంది. దానికి రబ్బరు గొట్టం తొడిగి, ఇంజిన్ గదిలో ఎత్తున, నీరు అందని చోట కట్టేయండి. ఈ గొట్టం ఖరీదు వంద రూపాయలు దాటదు. గత వర్షాకాలం తరవాత పాత హౌసింగ్‌కే ఈ పని చేసి, కొత్త షాఫ్టు వేసుకొని తిరుగుతున్నాను. వాగు దాటిన ప్రతిసారీ, మరునాడు ఉదయం అడుగు మూతను అరచుట్టు వదులు చేసి, మొదట కారే చుక్క నీరా, నూనా అన్నది చూస్తాను.